సైనైడ్ గుట్టల్లో మిగిలిన బంగారం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో కనిపించిన బూడిదరంగు దిబ్బలను చూసి, అవి కొండలా అని అడిగారు. కావు. 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా నూరేళ్ళకు పైగా ఆ గనుల్లో తవ్విన రాయిని పిండికొట్టి, బంగారం తీసుకోగా మిగిలిన పిప్పి అది. జనం వాటిని సైనైడ్ గుట్టలంటారు. అందులో మొత్తం 3 కోట్ల టన్నులకు పైగా ఉంది. టన్నుకు గ్రాము లోపే బంగారం, అంటే మిరియపు గింజ కన్నా చిన్న ముక్క. అంత తక్కువ సరుకు కోసం మళ్ళీ మిల్లు ఆడిస్తే ఖర్చే మిగులుతుంది గనుక, ఇలాంటి పిప్పికి కొన్నిచోట్ల హీప్ లీచింగ్ చేస్తారు, అంటే కుప్పపోసి, పైనుంచి ద్రావణం వదిలి బంగారాన్ని కరిగించి తీస్తారు.

మన ఇంటి కాఫీ ఫిల్టరే దీనికి పోలిక. పొడి మరీ మెత్తనైతే వేడినీళ్ళు పైనే నిలిచిపోయి డికాక్షన్ దిగదని బామ్మ విసుక్కోవడం మీరు చూసే ఉంటారు. గని పిప్పికీ అదే చిక్కు. అందుకే దానికి సిమెంటు, సున్నం, కాస్త నీరు కలిపి, తిరిగే పీపాలో దొర్లించి బూందీ గింజల్లాంటి ఉండలు చేస్తారు. నీరు ఇంకని మందపాటి ప్లాస్టిక్ పట్టా మీద వాటిని కుప్పపోసి, డ్రిప్పు గొట్టాలతో బాగా పలుచని సైనైడ్ ద్రావణాన్ని వారాలు, నెలల తరబడి చుక్కచుక్కగా వదులుతారు. ఉండల సందుల్లోని గాలి కూడా అవసరమే. ఆక్సిజన్ లేనిదే సైనైడ్ బంగారాన్ని కరిగించలేదు. అడుగున దిగిన ద్రావణాన్ని కొబ్బరి చిప్పల బొగ్గు గుండా పంపితే బంగారం దానికి పట్టుకుంటుంది. తరువాత వేడి కాస్టిక్ ద్రావణంతో దాన్ని విడిపించి, విద్యుత్తుతో ఉక్కు పీచు మీదికి రాబట్టి, కరగబోస్తారు. ఉన్నదంతా రాదు, కొంత కుప్పలోనే ఉండిపోతుంది.

సున్నం ఉండలు కట్టడానికే కాదు. ద్రావణంలో క్షారగుణం తగ్గితే సైనైడ్ విషవాయువుగా లేస్తుంది గనుక, ఆ గుణాన్ని కొలిచే పి.హెచ్. అంకె 10కి తగ్గకుండా కాపలా కాస్తారు. ఇక ద్రావణం బయటికి పోతే ఏమవుతుందో రుమేనియాలోని బైయా మారేలో తెలిసింది. అక్కడ చేసింది హీప్ లీచింగ్ కాకపోయినా, పాత పిప్పి నుంచే బంగారం తీసేవారు. 2000 జనవరి 30న ఆ పిప్పి నీటిని నిలవచేసిన చెరువు కట్ట తెగి, సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీరు నదుల్లో కలిసింది. హంగేరీలోని తీసా నదిలో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి.

అందుకే ఇలాంటి పథకం ఎక్కడ విన్నా నేను బంగారం లెక్క ముందు చూడను. పని ముగిశాక సైనైడ్ పోయేదాకా ఆ కుప్పను కడగాలి. ఆ నీరు ఎక్కడి నుంచి తెస్తారో, కడిగిన నీటిని ఎక్కడ శుద్ధి చేస్తారో రాసిన పేజీ మొదట తిరగేస్తాను.

మీ తాతయ్య