మంచం దిగమన్న పరిశోధన

కీమోథెరపీ మొదలైన ఇంట్లో చుట్టాలు ముందుగా చెప్పే మాట: "ఏ పనీ పెట్టుకోకు, హాయిగా పడుకో." ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట చుట్టాలు కనిపెట్టింది కాదు. 1980ల వరకు అమెరికా ఆసుపత్రుల్లోనూ రోగులు ఎక్కువగా విన్నది అదే. నీరసమంటే విశ్రాంతి, ఇంకా నీరసమంటే ఇంకాస్త విశ్రాంతి.

రొమ్ము క్యాన్సర్‌కు అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ చేసిన శస్త్రచికిత్స ఫలితాలు 1894లో అచ్చయ్యాయి. రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంకలోని లింఫ్ గ్రంథులను తీసేసే పద్ధతి అది. గడ్డ పోయేది, చెయ్యి మాత్రం పైకి లేచేది కాదు. జడ వేసుకోవడం, తీగ మీద బట్టలు ఆరేయడం గగనమయ్యేది. చెయ్యి ఏనుగు కాలులా వాచిపోవడం గురించి 1921లో హాల్‌స్టెడే రాశారు. ఆ చెయ్యిని తిరిగి పనిలో పెట్టే ప్రయత్నాల్లో బాగా పేరొచ్చింది ఒక రోగి వల్ల. 1952లో ఈ శస్త్రచికిత్స చేయించుకున్న టెరీస్ లాసర్, తనలాంటి ఆడవాళ్ల మంచాల దగ్గరికి వెళ్లి, వేళ్లతో గోడ మీదికి పాకించడం లాంటి కసరత్తులు నేర్పారు. ఇది కొందరు సర్జన్లకు కంటగింపుగా ఉండేది. ఆ కార్యక్రమాన్నే 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తన చేతుల్లోకి తీసుకుంది.

విశ్రాంతి ఏం చేస్తుందో ఆలోగా డల్లాస్‌లో తేలింది. 1966లో ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను మూడు వారాల పాటు మంచం మీదే ఉంచారు. శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షిస్తే, మధ్యలో మీదపడిన ముప్పై ఏళ్ల వయసు కూడా ఆ మూడు వారాలంత నష్టం చేయలేదు! ఏ జబ్బూ లేనివాళ్లే అలా అయితే, కీమో రోగి నీరసంలో మందు వాటా ఎంత, మంచం వాటా ఎంత?

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో మెరిల్ వినింగ్‌హామ్ 1983లో సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథం ఇక్కడే వేలు పెట్టింది. ఆమె నర్సు. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లే మనిషిని రోజూ చూసేది నర్సులే కదా. ప్రశ్న అటు నుంచి రావడం నాకు వింతగా అనిపించదు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న స్త్రీలను ఆమె కదలని సైకిలు ఎక్కించారు. కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా తొక్కాలి. మేరీ మాక్‌వికార్‌తో కలిసి చేసి 1989లో ప్రచురించిన అధ్యయనంలో 45 మంది ఉన్నారు. కొందరు పది వారాల పాటు, వారానికి మూడుసార్లు సైకిలు తొక్కారు. కొందరు ఒళ్లు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టారు, మిగిలినవారు ఏమీ చేయలేదు. సైకిలు తొక్కినవారి సత్తువ కీమో నడుస్తుండగానే పెరిగింది. ఎవరిని, ఎప్పుడు ఎక్కించకూడదో కూడా వినింగ్‌హామ్ రాసిపెట్టారు. అది మొండి ధైర్యం కాదు.

చెయ్యి మీది భయం మరికొన్నాళ్లు నిలిచింది. బరువెత్తితే వాపు వస్తుందని చంటిబిడ్డను ఎత్తుకోవడానికి కూడా జంకేవాళ్లు. ఆ భయంలో నిజమెంతో చూడటానికి 1996లో కెనడాలోని వాంకూవర్ వైద్యుడు డాన్ మెకెంజీ, చికిత్స పూర్తయిన 24 మంది స్త్రీలతో డ్రాగన్ పడవ (చాలామంది కలిసి తెడ్లు వేసే పొడవాటి పడవ) నడిపించారు. 2009లో అమెరికా పరిశోధకురాలు కాథరిన్ ష్మిట్జ్ బృందం, అప్పటికే వాపు ఉన్న 141 మందితో అధ్యయనం చేసింది. వారిలో సగం మంది చిన్న బరువులతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ పోయారు. బరువులు ఎత్తనివారితో పోలిస్తే వీళ్ల వాపేమీ పెరగలేదు.

2025లో వెలువడిన మరో పరీక్ష సత్తువను దాటి ఆయుష్షు దాకా వెళ్లింది. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమో ముగిసిన 889 మందిలో, మూడేళ్ల పాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేసినవారిలో ఎనిమిదేళ్లకు బతికున్నది 90 శాతం. ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే అందుకున్నవారిలో 83 శాతం. చేయించింది బ్రహ్మవిద్యేమీ కాదు. వారానికి మూడు నాలుగు సార్లు, ముప్పావు గంట నుంచి గంట వరకు చురుగ్గా నడిచినా సరిపోయేది.