సంగటి కార్బన్, సోయా కార్బన్

ఎండాకాలంలో అనంతపురం మైదానంలో పరుగు ముగించిన కుర్రాణ్ణి డోపింగ్ శాంపిల్ అడిగితే, ముందు వచ్చే చిక్కు మందులతో కాదు, నీళ్లతో. ఒంట్లోని నీరంతా చెమటగా పోయి ఉంటుంది. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం కావాలి. గడగడా నీళ్లు తాగితే అది మరీ పలచబడుతుంది, మళ్లీ ఇవ్వమంటారు. ఇచ్చేటప్పుడు అధికారి పక్కనే నిలబడి చూస్తుంటాడు. సిగ్గూ టెన్షనూ ఎన్ని ఉన్నా తప్పదు. దాన్ని ఏ, బీ అని రెండు సీసాల్లో పోసి, సీలేసి ల్యాబ్‌కు పంపుతారు.

ఇంత తతంగం మొదట్లో లేదు. కండలు పెంచే హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది 1935లో. ఇదీ, దీన్ని పోలిన మందులూ స్టెరాయిడ్లే. దాని తమ్ముడు లాంటి డయానబాల్ మాత్రలు 1958లో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి, బరువులెత్తేవాళ్లు ఎగబడ్డారు. 1968 ఒలింపిక్స్‌లో డోపింగ్ పరీక్షలు పెట్టినా, స్టెరాయిడ్లను పట్టే పద్ధతే లేదు. లండన్‌లో రేమండ్ బ్రూక్స్ బృందం యాంటీబాడీలతో ఒక పరీక్ష తయారు చేశాక, 1976 మాంట్రియల్‌లో ఎనిమిది మంది దొరికారు.

దాంతో కొందరు టెస్టోస్టెరాన్‌కే మారారు. అది మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఒంట్లో ఎలాగూ ఉండేదే. ఇంటి గింజల్లో కలిసిపోయిన దొంగ గింజను ఏరేదెలా? జర్మనీ శాస్త్రవేత్త మన్‌ఫ్రెడ్ డోనికె ఒక ఉపాయం కనిపెట్టాడు. మూత్రంలో టెస్టోస్టెరాన్‌తో పాటు ఎపిటెస్టోస్టెరాన్ అనేది కూడా ఉంటుంది. మామూలు మనిషిలో రెండూ దాదాపు సమానం. బయటి నుంచి ఎక్కిస్తే మొదటిది పెరుగుతుంది, రెండోది పెరగదు. ఆరు రెట్లు దాటితే అనుమానం అన్నారు, తర్వాత దాన్ని నాలుగుకు దించారు. కానీ పుట్టుకతో ఒక జన్యువు లేని వాళ్లలో ఈ లెక్క పెద్దగా పెరగదు, ఇంజెక్షన్ తీసుకున్నా సరే.

ఈ చిక్కు విప్పింది కార్బన్. నాకు ఈ కథంతటిలో నచ్చిన ఘట్టం ఇదే, ఎందుకంటే ఇందులో మన సంగటి ముద్ద కూడా ఉంది. కార్బన్‌లో మామూలుది ఒకటి, కాస్త బరువైనది ఒకటి. వరి, వేరుశనగ, సోయా లాంటి మొక్కల్లో బరువైనది తక్కువ. రాగి, జొన్న, కొర్రలో ఎక్కువ. కంపెనీలు టెస్టోస్టెరాన్‌ను ఎక్కువగా సోయా లాంటి మొక్కల సరుకుతోనే చేస్తాయి, కాబట్టి అందులోనూ బరువైన కార్బన్ తక్కువే. మన ఒంట్లో తయారయ్యేదానికి మనం తినే తిండంతా కలిసిన కార్బన్ వస్తుంది. మరి రోజూ సంగటి తినేవాడికీ, వరి అన్నమే తినేవాడికీ తేడా రాదా? వస్తుంది. అందుకే ఒకరిని ఇంకొకరితో పోల్చరు. అదే మూత్రంలో, ఇంజెక్షన్ ప్రభావం పడని మరో స్టెరాయిడ్‌ను పక్కన పెట్టి చూస్తారు. రెండింటి కార్బన్ కలవకపోతే సరుకు బయటిదే.

1988లో కెనడా పరుగువీరుడు బెన్ జాన్సన్‌ను పట్టించిన స్టానజొలాల్ అనే స్టెరాయిడ్‌కు ఇంత లోతు అక్కర్లేదు. ఒంట్లో పుట్టేది కాదు గనక, కనిపిస్తే చాలు.

మన దేశంలో అందరికీ గుర్తున్నది 2011. అంతకుముందు ఏడాది కామన్వెల్త్, ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిన మహిళల రిలే జట్టు సభ్యులు స్టెరాయిడ్లతో దొరికారు. విదేశాల నుంచి తెచ్చిన జిన్సెంగ్ డబ్బాలో కలిసిందన్నారు. అయినా రెండేళ్ల నిషేధం తప్పలేదు. ఒంట్లో ఉన్నదానికి ఆటగాడే బాధ్యుడు, తెలిసి తిన్నా తెలియక తిన్నా. ఇది కఠినమే, కానీ వేరే దారి కనిపించదు.

ఒలింపిక్స్ శాంపిళ్లను పదేళ్లు దాచి ఉంచుతారు. పద్ధతులు మెరుగయ్యాక బీజింగ్, లండన్ సీసాలు మళ్లీ తెరిస్తే, అప్పట్లో నెగటివ్ వచ్చిన ఎందరివో పతకాలు పోయాయి. వాళ్లలో బరువులెత్తేవాళ్లు చాలామంది.

శాంపిల్ ఇచ్చే రోజు నింపే ఫారంలో, గత ఏడు రోజుల్లో వాడిన మందులు, పౌడర్లు రాయడానికి చోటుంటుంది. జిమ్ పక్క షాపులో కొన్న డబ్బా పేరు రాయాల్సింది అక్కడే.