సోల అడుగున సొట్ట

చిరంజీవులు చిట్టికీ, బన్నీకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిట్టి అడిగింది: "తాతయ్యా, నేను ఎల్‌కేజీలో ఉన్నప్పుడూ బిస్కెట్ ప్యాకెట్ ఐదు రూపాయలే, ఇప్పుడూ ఐదే. మరి ప్యాకెట్ ఎందుకు చిక్కిపోయింది?" నేను నవ్వేసి, "మీ నాన్ననడుగు" అన్నాను. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఆ కంపెనీ షేర్లు, అంటే అందులో చిన్న చిన్న వాటాలు, పదేళ్ళుగా నా దగ్గరున్నాయి. నాకు ఒక్కనాడూ ఆ అనుమానం రాలేదు.

చిన్నప్పుడు ఇలా ఉండేవాణ్ణి కాదు. మా అమ్మమ్మగారింట్లో ఒకాయన ఇత్తడి సోలతో పాలు కొలిచి పోసేవాడు. నాకు ఏడెనిమిదేళ్ళు. ఓ పొద్దున ఆయన చుట్ట ముట్టించుకుంటుంటే, ఖాళీ సోలలో చెయ్యి పెట్టాను. కిందినుంచి ఎవరో గుద్దినట్టు అడుగు లోపలికి పొంగి ఉంది. "అమ్మమ్మా, దీని పొట్ట లోపలికి పోయిందేం?" అని అరిచాను. ఆయన మొహం మాడిపోయింది. అమ్మమ్మ ఏమీ అనలేదు. మర్నాటినుంచి ఇంట్లో సోలతోనే కొలిపించింది. ఆ హుషారులో ఇంట్లో ప్రతి గిన్నెలోనూ చెయ్యి పెట్టి తిట్లు తిన్నాననుకోండి.

బిస్కెట్ ప్యాకెట్టూ ఒక సోలే. పిండి, చక్కెర, నూనె ధరలు పెరిగితే కంపెనీ ఏం చేస్తుంది? ఐదును ఆరు చేస్తే ఒక్కసారే నూటికి ఇరవై పెంచినట్టు, పైగా కొట్లో చిల్లర గొడవ. అందుకని ధర జోలికి పోకుండా సోలకు సొట్ట పెడుతుంది. కాకపోతే ఇది దొంగచాటు పని కాదు, బరువు ప్యాకెట్ మీదే వేస్తారు. మనమే చదవం.

షేరు కూడా సోలే. పైకి కనిపించేది ధర, లోపల పట్టేది లాభం. 300 రూపాయల షేరు వంతుకు కంపెనీ లాభంలో ఏడాదికి 15 రూపాయలు వస్తుంటే, రూపాయి లాభానికి 20 రూపాయలు పోస్తున్నట్టు. 2000లో ఆఫీసులో అందరూ కొంటున్నారని నేనూ ఓ కంప్యూటర్ కంపెనీ షేర్లు కొన్నాను. "ఇంతకీ వీళ్ళు అమ్మేదేమిటి?" అని అడగడానికి నామోషీ. పెద్దవాణ్ణి కదా! ఆ డబ్బు ఏమైందో మీ నానమ్మనడగండి, తేదీలతో సహా చెబుతుంది.

ఇంకోటి, పాలు ఏ పూటకాపూట అయిపోతాయి. కంపెనీ అయితే లాభంలో కొంత పెట్టి ఇంకో గేదెను కొంటుంది, అది ఈనుతుంది, ఆ దూడ మళ్ళీ... ఇక నా సోల చాలదు. వదిలేద్దాం.

చిట్టీ, నీకో పని. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మరి ధర ఐదే ఉంటే, సొట్ట కొంచెమైనా పూడాలి కదా? పూడిందో లేదో నేను చెప్పను. కిరాణా కొట్టుకెళ్ళి ఐదుదొకటి, పదిదొకటి కొనండి. వెనక చిన్నక్షరాల్లో బరువు, తయారీ తేదీ ఉంటాయి, రాసుకోండి. పదిది ఐదుదానికి సరిగ్గా రెట్టింపు ఉందా? మూల అరలో పాత సరుకేమైనా మిగిలిందేమో కూడా చూడండి.

బన్నీ, లెక్క అయ్యేదాకా ప్యాకెట్ విప్పొద్దు.

మీ
తాతయ్య