‘లీడ్స్ అన్నీ ఫేకే సార్’: డిజిటల్ మార్కెటింగ్ గురించి ఓనర్లు నమ్మేవి, నేను చూసినవి

కొత్త క్లయింట్ దగ్గరికి వెళ్ళినప్పుడు నేను ముందు లాప్‌టాప్ తెరవను. వాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో ఉన్న నంబర్‌కి, వాళ్ళ ఎదురుగానే కూర్చుని ఫోన్ చేస్తాను. ఒకసారి అలా చేస్తే ఎత్తింది ఎప్పుడో ఉద్యోగం మానేసిన రిసెప్షన్ అమ్మాయి. "నేను అక్కడ చెయ్యట్లేదండీ, రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు" అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఓనర్ గారు ఎదురుగా టీ తాగుతున్నారు. ఆ నెల యాడ్స్‌కి ఆయన దాదాపు లక్ష పెట్టారు.

విజయవాడలో, హైదరాబాద్‌లో మాడ్యులర్ కిచెన్ల వాళ్ళకీ, చీరల షోరూముల వాళ్ళకీ, వెంచర్ల వాళ్ళకీ ఈ డిజిటల్ మార్కెటింగ్ పని చేస్తూ వస్తున్నాను. కూర్చున్న ప్రతి మీటింగ్‌లోనూ దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఫేస్‌బుక్ లీడ్స్ అన్నీ ఫేక్

మాడ్యులర్ కిచెన్లు చేసే ఒక పెద్దాయన మొదటి మాటే అది అన్నారు. "బాబూ, అన్నీ దొంగ నంబర్లే. మావాళ్ళు చేసీ చేసీ విసిగిపోయారు." లీడ్స్ షీట్, అంటే యాడ్ చూసి ఫామ్ నింపినవాళ్ళ పేర్లు, నంబర్లు ఉన్న షీట్, ఒకసారి చూపించమన్నాను. సేల్స్ కుర్రాడు ఎక్సెల్ తెరిచాడు. వరసగా ‘ఆర్ఎన్ఆర్’, ‘ఆర్ఎన్ఆర్’, ‘స్విచాఫ్’, ‘నాట్ ఇంట్రెస్టెడ్’. ఆర్ఎన్ఆర్ అంటే రింగయింది, ఎత్తలేదు అని. టెలీకాలింగ్ చేసేవాళ్ళందరికీ తెలిసిన మాటే.

నేను చూసింది పక్క కాలమ్. ఒక లీడ్ వచ్చింది మంగళవారం రాత్రి పదీ నలభైకి. కుర్రాడు ఫోన్ చేసింది తర్వాతి సోమవారం పదకొండున్నరకి. వారానికోసారి షీట్ డౌన్‌లోడ్ చేసుకుని, అందరికీ ఒకే ఊపులో చేసేస్తాడట. సోమవారం పదకొండున్నరకి ఉద్యోగస్తులెవరూ తెలియని నంబర్ ఎత్తరు. పైగా రోజూ వందల కాల్స్ వెళ్ళే ఆ నంబర్‌ని ట్రూకాలర్ యాప్ స్పామ్ అని ఎర్ర రంగులో చూపిస్తోంది.

ఆ సాయంత్రం ఏడున్నరకి ఆ ఆర్ఎన్ఆర్‌లలో ఒకదానికి నా ఫోన్ నుంచి చేశాను. ఒకావిడ ఎత్తారు. "ఆ, మేమే నింపామండీ. వేరేవాళ్ళు మర్నాడే వచ్చి కొలతలు తీసుకున్నారు, అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం" అన్నారు. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. కుర్రాడు మాత్రం షీట్ మూసేశాడు.

అయితే పనికిరాని లీడ్స్ అసలు రావని కాదు, వస్తాయి. ఎందుకో తెలిస్తే సగం తగ్గించుకోవచ్చు. ఫేస్‌బుక్ ఫామ్ తెరవగానే పేరు, నంబర్ వాటంతటవే నిండిపోతాయి. ఆ నంబర్ ఆ మనిషి ఎప్పుడో అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చింది కావచ్చు, ఆ సిమ్ ఇప్పుడు వాడకంలో లేకపోవచ్చు. వేలు తగిలి సబ్మిట్ అయిపోయేవీ ఉంటాయి. ఫామ్ తయారు చేసేటప్పుడు ‘మోర్ వాల్యూమ్’, ‘హయ్యర్ ఇంటెంట్’ లాంటి రకాలు కనిపిస్తాయి. ‘హయ్యర్ ఇంటెంట్’ ఎంచుకుంటే వివరాలు ఇంకోసారి చూసుకుని ఖాయం చేస్తేనే ఫామ్ వెళ్తుంది. దానికి తోడు మనమే ఒక ప్రశ్న పెట్టాలి. కిచెన్ల వాళ్ళకి నేను పెట్టేది ఒకటే: "ఇంటి పని ఏ దశలో ఉంది?" శ్లాబ్, ప్లాస్టరింగ్, టైల్స్, గృహప్రవేశం అయిపోయింది, ఈ నాలుగు ఆప్షన్లు చాలు. టైల్స్ దశ అన్నవాళ్ళకి అరగంటలో ఫోన్ వెళ్ళాలి. శ్లాబ్ దశ వాళ్ళకి వాట్సాప్‌లో డిజైన్లు పంపి, రెండు నెలల తర్వాతకి గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంకో సంగతి. ఆ లీడ్స్ ఫేస్‌బుక్‌లో 90 రోజులే ఉంటాయి. ఆ తర్వాత డౌన్‌లోడ్ చేసుకుందామన్నా దొరకవు.

అపోహ: లీడ్ ఎంత చవగ్గా వస్తే అంత మంచిది

"వేరే ఏజెన్సీ వాళ్ళు 100 రూపాయలకే లీడ్ ఇస్తామంటున్నారు, మీరు 400 అంటున్నారేంటి?" ఈ ప్రశ్నకి నేను కాగితం మీదే జవాబు చెబుతాను. నెలకి 30 వేల బడ్జెట్ అనుకుందాం. లీడ్ 100 చొప్పున 300 లీడ్స్ వచ్చి మూడు ఆర్డర్లు అయితే, ఒక్కో ఆర్డర్‌కి 10 వేలు పడింది. అదే 400 చొప్పున 75 లీడ్స్ వచ్చి ఆరు ఆర్డర్లు అయితే, ఆర్డర్‌కి 5 వేలే పడింది. పైగా మొదటి లెక్కలో 300 మందికి ఫోన్లు చేసిన కుర్రాడి జీతం కలపనే లేదు.

ఓనర్ తెలుసుకోవాల్సిన అంకె ఆర్డర్‌కి ఎంత పడిందన్నదే. ఏ లీడ్ ఆర్డర్ అయిందో ఏజెన్సీకి తెలియదు, ఆ సంగతి మీ కొటేషన్ల పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం యాడ్స్ చూసేవాళ్ళ దాకా రాకపోతే వాళ్ళు చవక లీడ్ల వెంటే పోతారు. వాళ్ళ తప్పు కూడా లేదు, నెలాఖరు రిపోర్ట్‌లో మీరు అడిగేది దాని గురించే కదా.

అపోహ: పోస్ట్‌కి బూస్ట్ కొడితే చాలు

డబ్బు కట్టి పోస్ట్‌ని ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ చేతికి అందేలా ఉంటుంది కాబట్టి అందరూ అదే నొక్కుతారు. మనం ఏ పని మనుషుల చేత చేయించాలని అడిగితే, ఆ పని అలవాటుగా చేసేవాళ్ళని వెతికి వాళ్ళకే యాడ్ చూపిస్తుంది ఈ సిస్టమ్. లైకులు అడిగితే, కనిపించిన ప్రతిదానికీ లైక్ కొట్టేవాళ్ళ ముందు పెడుతుంది. వాళ్ళలో ఎంతమంది కిచెన్ చేయించుకుంటారు? ఫేస్‌బుక్ యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్తే లీడ్స్, సేల్స్, ట్రాఫిక్ అని లక్ష్యాలు విడివిడిగా కనిపిస్తాయి. అక్కడ అడగడం నేర్చుకోండి, లేదా తెలిసినవాళ్ళ చేత అడిగించండి. వినాయకచవితి శుభాకాంక్షల పోస్టర్‌కి 5 వేలు పెట్టి బూస్ట్ కొట్టినవాళ్ళని కూడా చూశాను. పండగపూట ఏమనలేక ఊరుకున్నాను.

మరో చిన్న విషయం, ఆడిటర్లు కూడా వదిలేసేది. ఈ యాడ్స్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. యాడ్ అకౌంట్‌లో మీ జీఎస్టీ నంబర్ ఎక్కిస్తేనే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే, అంటే ఆ పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే వీలుంటుంది. ఏళ్ళ తరబడి ఎక్కించని వాళ్ళున్నారు.

అపోహ: ఫాలోవర్లే ఆస్తి

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్ సహా 59 యాప్‌లని నిషేధించింది. అప్పటికి టిక్‌టాక్‌లో లక్షల ఫాలోవర్లు ఉన్న తెలుగువాళ్ళు ఎందరో. ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళు జూలైలోనే ఇక్కడ రీల్స్ తెచ్చారు, అందరూ అటు వెళ్ళారు, కానీ ఫాలోవర్లని మూటగట్టుకుని వెళ్ళలేకపోయారు. మళ్ళీ సున్నా నుంచే.

అందుకే చీరల షాపు వాళ్ళకి నేను చెప్పేది, బిల్లు కొట్టేటప్పుడు పేరు, నంబర్, "మా కొత్త స్టాక్ వివరాలు పంపమంటారా?" అన్న మాట, ఈ మూడూ వదలొద్దని. షాపు ఉన్నది ఒక్క ఊళ్ళో. ఆ ఊరి చుట్టుపక్కల 2 వేల మంది నంబర్లు, వాళ్ళు సరే అని ఇచ్చినవి, ఎక్కడెక్కడి వాళ్ళో ఉన్న లక్ష ఫాలోవర్ల కంటే నయం. డబ్బిచ్చి కొన్న ఫాలోవర్ల గురించి ఇక్కడ రాయడం కూడా దండగ.

అపోహ: నంబర్ల డేటా కొని వాట్సాప్‌లో కొడితే పనైపోతుంది

పని కాదు సరికదా, నంబర్ పోతుంది. సాఫ్ట్‌వేర్ పెట్టి వేలమందికి ఒకేసారి పంపితే, అవతలివాళ్ళు బ్లాక్, రిపోర్ట్ నొక్కుతారు, వాట్సాప్ ఆ నంబర్‌ని ఆపేస్తుంది. నాకు తెలిసిన ఒక షాపు వాళ్ళు ఇరవయ్యేళ్ళుగా బోర్డు మీద రాసుకున్న నంబర్‌తోనే ఈ ప్రయోగం చేశారు. వాట్సాప్ పోయింది. పాత కస్టమర్లు మెసేజ్ పెడితే ఒక్క టిక్ దగ్గరే ఆగిపోయేది.

మామూలు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు. వాళ్ళలోనూ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. అంతకంటే ఎక్కువమందికి పంపాలంటే అధికారిక బిజినెస్ ప్లాట్‌ఫామ్ ఉంది. పంపబోయే మెసేజ్ నమూనాకి (టెంప్లేట్) ముందే ఆమోదం పొందాలి, మార్కెటింగ్ మెసేజ్‌లకి డబ్బు కట్టాలి. ఇక అనుమతి లేని నంబర్ల డేటా కొనడం 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం స్ఫూర్తికే విరుద్ధం. ఆ డేటా అమ్మినవాడు మీ పోటీదారుకి కూడా అదే అమ్మి ఉంటాడు, ఆ సంగతీ గుర్తుంచుకోండి.

అపోహ: ఆన్‌లైన్‌లో పెట్టేది ‘ప్రకటన’ కిందికి రాదు

వెంచర్ల వాళ్ళతో నాకు వచ్చే గొడవ ఇదే. "పేపర్లో వెయ్యట్లేదుగా, జస్ట్ రీల్ పెడదాం, ప్రీ లాంచ్ అని." రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే రెరా చట్టంలో ప్రకటన అంటే ఏ రూపంలో చేసిన ప్రచారమైనా సరే. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టుని రిజిస్టర్ చేయించకుండా ప్రచారం చెయ్యకూడదు. చేస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడొచ్చు. ప్రకటనలో రెరా నంబర్, రెరా వెబ్‌సైట్ అడ్రస్ ఉండాలి. రిజిస్ట్రేషన్ రాని ప్రాజెక్టు పని నేను తీసుకోను. ఆ కారణంగా రెండు మూడు మంచి అకౌంట్లు పోయాయి కూడా.

ఇన్‌ఫ్లుయెన్సర్ల సంగతీ అంతే. డబ్బిచ్చో, సరుకిచ్చో చేయించుకున్న వీడియో అయితే ఆ మాట చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వీడియో తెలుగులో ఉంటే ఆ మాట కూడా తెలుగులోనే, వినిపించాలి, కనిపించాలి. కింద డిస్క్రిప్షన్‌లో ఎక్కడో చిన్నగా రాస్తే సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారే 10 లక్షల దాకా జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీకి ఉంది.

అపోహ: మూఢంలో యాడ్స్ దండగ

దీని మీద నేను గట్టిగా వాదిస్తాను. మూఢం రాగానే మా కిచెన్ల పెద్దాయన "ఈ రెండు నెలలూ ఆపేద్దాం, ఎవరూ కొనరు" అన్నారు. షోరూం ఖాళీగా ఉన్న మాట నిజమే. కానీ మూఢం ఎప్పుడు వెళ్తుందో పంచాంగం చూసి, ఆ తర్వాత వచ్చే మొదటి మంచి ముహూర్తానికి గృహప్రవేశం పెట్టుకున్నవాళ్ళు ఈలోపు ఏం చేస్తుంటారు? ఇంట్లో టైల్స్ వేయించుకుంటూ, రాత్రి పడుకోబోయే ముందు ఫోన్‌లో కిచెన్ డిజైన్లు చూస్తుంటారు. కొలతలు, డిజైన్, ఫ్యాక్టరీ పని, బిగింపు కలిపి నెల నుంచి నెలన్నర పడుతుంది. ముహూర్తాలు మొదలయ్యాక యాడ్ వేస్తే ఆ ఇళ్ళన్నీ అప్పటికే ఎవరికో అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటాయి.

ఆ ఏడాది ఆయన్ని బతిమాలి సగం బడ్జెట్ నడిపించాను. అందరూ ఆపేశారు కాబట్టి పోటీ తక్కువ, లీడ్ ధర కూడా దిగింది. యాడ్‌లో ఒక్క లైనే మార్చాం: "మూఢం వెళ్ళగానే గృహప్రవేశమా? కిచెన్ ఇప్పుడే మొదలుపెట్టాలి." ఇప్పుడు ఆయన పంచాంగం రాగానే నాకే ఫోన్ చేస్తారు.

చీరల వాళ్ళకి ఇది విడిగా చెప్పక్కర్లేదు. ఆషాఢంలో పాత స్టాక్ తగ్గింపులో వదిలించుకుని, శ్రావణానికి పట్టు చీరలు దించాలని వాళ్ళ తాతలకే తెలుసు. అయినా ఏజెన్సీ ఇచ్చే ప్లాన్‌లో పన్నెండు నెలలకీ ఒకే బడ్జెట్, నెలకి పన్నెండు పోస్టులు, నాలుగు రీల్స్. ఎవరూ అడగరు.

అపోహ: అకౌంట్లు ఎవరి పేరున ఉంటే ఏముంది

పేజీ మానేసిపోయిన కుర్రాడి పర్సనల్ ఐడీ మీద ఉంటుంది. వెబ్‌సైట్ డొమైన్ బావమరిది పేరున ఉంటుంది. యాడ్ అకౌంట్ ఏజెన్సీది. ఏజెన్సీతో తెగదెంపులైన రోజు ఇవన్నీ బయటపడతాయి. అకౌంట్లన్నీ మీ కంపెనీ పేరు మీద తెరిచి, ఏజెన్సీని ఆ అకౌంట్లలో పార్ట్‌నర్‌గా చేర్చండి. మీ తరఫున ఇద్దరు అడ్మిన్లు ఉండాలి. ఇష్టం లేని ఏజెన్సీలు దీనికి సాకులు చెబుతాయి.

అపోహ: ప్రతి వ్యాపారానికీ డిజిటల్ కావాల్సిందే

ఇది మా మార్కెటింగ్ వాళ్ళు పుట్టించింది. రైస్ మిల్లులకి గోనె సంచులు సప్లై చేసే ఒకాయన "మా అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్ పెట్టమంటున్నాడు, నెలకి ఎంతవుద్ది?" అని పిలిపించారు. మీ కస్టమర్లు ఎంతమంది అని అడిగాను. 40 మిల్లులు. అందరి నంబర్లూ ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి, అందరి పెళ్ళిళ్ళకీ వెళ్ళారు. ఏమీ అక్కర్లేదండీ అన్నాను. గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం ఆయన గోడౌన్ పక్క వీధిలో చూపిస్తోంది. లారీ వాళ్ళు రోజూ ఫోన్ చేసి దారి అడుగుతున్నారట. పిన్ సరైన చోటికి మార్చి, గేటు ఫోటో ఒకటి ఎక్కించి వచ్చేశాను.