ఒడ్డున ఉన్న పాత హోటల్: అపోహలు - వాస్తవాలు

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ నుంచి సోమశిల దాకా ఇప్పుడు ఎవరిని కదిలించినా ఇదే మాట: "ఇది నూరేళ్ళ నాటి హోటల్, నిజాం కాలంలో దొరలు ఇక్కడే దిగేవాళ్ళు." కృష్ణ మీద సోమశిల - సిద్ధేశ్వరం వంతెన మంజూరైందని తెలిశాక నాలుగు పాత గోడలున్న ప్రతి జాగకూ ఒక చరిత్ర పుట్టింది. ఆ చరిత్రను నమ్మి బయానాలు ఇస్తున్నారు. కూడబెట్టిన డబ్బు అలా నీళ్ళపాలవుతుంటే చూడలేక ఇది రాస్తున్నాం.

అపోహ: ఇప్పుడు ఒడ్డున ఉంది కాబట్టి మొదట్నుంచీ ఒడ్డునే ఉంది

అన్ని తప్పులకూ మూలం ఇదే. మనం చూస్తున్నది కృష్ణ ఒడ్డు కాదు, శ్రీశైలం జలాశయం ఒడ్డు. అసలు నది లోతున పారేది. ప్రాజెక్టు పనులు 1960లో మొదలయ్యాయి, 1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. నిండు మట్టం 885 అడుగులు, అంటే 269.75 మీటర్లు. ఆ గీత కింద ఉన్నవన్నీ ముంపులో పోయాయి. సోమశిల గుళ్ళను విప్పి పైన మళ్ళీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపూర్‌కు తరలించారు. గుడికైతే పురావస్తు శాఖ ఉంది. పుట్టి (గుండ్రటి పడవ) దిగి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిన ఇంటిని ఎవరు మోసుకొచ్చి కడతారు?

కాబట్టి ఇవాళ నీళ్ళ పక్కన పాత హోటలని చూపించే కట్టడం మూడింట్లో ఒకటి అయ్యుంటుంది. మొదటిది, ముంపుకు ముందే మిట్ట మీద కట్టినది. దాన్ని నది కోసం కట్టలేదు, బాట కోసం కట్టారు. దాని ముఖద్వారం నీళ్ళవైపు కాక పాత బండ్లబాట వైపు ఉంటుంది. రెండోది, 1981 తర్వాత కట్టినది. ఊరు విడిచినవాళ్ళు దర్వాజలు, దూలాలు, కప్పు బండలు ఊడదీసి బండ్లమీద తెచ్చుకున్నారు. చెక్కిన టేకు దర్వాజకు నూరేళ్ళున్నా అది నిలబెట్టిన గోడకు నలభై ఏళ్ళే ఉండొచ్చు. మూడోది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే తేలే మొండిగోడలు. జనం మునుగుతున్నది ఈ మూడోదాని దగ్గరే.

ఆ మొండిగోడల కింది నేలకు సర్కారు ఎప్పుడో పరిహారం కట్టి తీసుకుంది. వేసవిలో అక్కడ సాగు చేస్తున్నంత మాత్రాన అది పట్టా కాదు. అమ్మేవాళ్ళు సాదా బైనామా (రిజిస్ట్రీ కాని తెల్లకాగితం అమ్మకం) చూపిస్తారు, నోటరీ కాగితం చూపిస్తారు, పైగా ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రీ ఆఫీసు పత్రం) 'నిల్' వచ్చిందంటారు. నిల్ రాక ఏం చేస్తుంది? ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే చూపిస్తుంది. భూసేకరణ అంతకుముందే అయిపోయింది. పైగా భూమి సర్కారుకు పోయింది అవార్డు (పరిహారం తేల్చిన భూసేకరణ ఉత్తర్వు) ద్వారా, రిజిస్ట్రీ దస్తావేజు ద్వారా కాదు. ఈసీలో కనబడేది రిజిస్ట్రీ అయినవే.

అందుకే ముందు మట్టం తేల్చుకోండి. ఫోన్‌లో కనబడే ఎత్తును నమ్మొద్దు. ఉపగ్రహం లెక్కగట్టే ఎత్తుకూ సముద్రమట్టం నుంచి లెక్కపెట్టే ఎత్తుకూ హైదరాబాద్ ప్రాంతంలో 70 మీటర్లకు పైనే తేడా ఉంటుంది. కొన్ని యాప్‌లు దాన్ని సరిచేస్తాయి, కొన్ని చేయవు. దానికన్నా సులువైన దారి నీళ్ళే. జలాశయం మట్టం రోజూ ప్రకటిస్తారు. పైనుంచి వరద రాని రోజు, గాలి లేని పొద్దుపూట చూసుకోండి. ఆ రోజు మట్టం 860 అడుగులైతే, నీటి అంచు నుంచి నిలువునా 25 అడుగుల ఎత్తున ముంపు గీత ఉన్నట్టు. మేస్త్రీలు వాడే నీళ్ళ పైపుతో మెట్టుమెట్టుగా ఎక్కుతూ కొలవొచ్చు. ప్రతి మెట్టు దగ్గరా కర్ర గుర్తు పెట్టండి, పైపులో గాలి బుడగ లేకుండా చూడండి. ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. వరద వచ్చేటప్పుడు మాత్రం కొలవొద్దు. డ్యాం దగ్గరి మట్టం కన్నా ఎగువన నీళ్ళు ఎత్తుగా ఉంటాయి. గీతకు అడుగో రెండడుగులో తేడాలో ఉంటే పైపుతో సరిపెట్టుకోకుండా సర్వేయర్‌ను పిలవండి. గీత పైన ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు: 2009 అక్టోబర్ వరదల్లో జలాశయం దాదాపు 896 అడుగులకు చేరింది.

తర్వాత సర్వే నంబర్ పట్టుకోండి. ఊరి నక్షా, సేత్వార్ (మొదటి భూసర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ నేల ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) వరుసగా చూడండి. చివరిగా భూసేకరణ అవార్డు నకలు తీసుకోండి. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. ఊరి పేరు, సర్వే నంబర్, ప్రాజెక్టు పేరు మూడూ రాయకపోతే "రికార్డు లభ్యం కాలేదు" అనే జవాబే వస్తుంది. 2016లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలలో దొరక్కపోతే మహబూబ్‌నగర్‌లోనూ అడగండి.

తాత నడిపిన హోటల్ ఎక్కడుండేదో తెలియక తిరుగుతున్న ముంపు కుటుంబాలకు కూడా ఇదే చెబుతాం. పరిహారం లెక్క కట్టడానికి ఇళ్ళు, బావులు, చెట్లు రాసుకున్నారు. గోడ మట్టిదా రాతిదా, కప్పు పెంకా మిద్దా అనేది ఆ విలువ కట్టిన కాగితాల్లో దొరకొచ్చు. ఫోటో లేని ఇంటికి అంతకన్నా మంచి ఆనవాలు లేదు. దిగులుపడకుండా అడగండి, అది మీ హక్కు.

అపోహ: నిజాం కట్టించాడు

సోమశిల వైపు నేల, నిజాంకు లోబడి సొంత రాజులు ఏలిన జటప్రోలు సంస్థానానిది, కొల్లాపూర్ దాని గద్దె. గద్వాల, వనపర్తి, అమరచింత, గోపాలపేట కూడా సంస్థానాలే. ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేదో తేలకుండా ఎవరు కట్టించారో తేలదు. నాగార్జునసాగర్ కాలనీల గెస్ట్‌హౌసులను కూడా నిజాం ఖాతాలో వేస్తున్నారు. ఆ డ్యాంకు శంకుస్థాపన జరిగిందే 1955 డిసెంబర్ 10న!

ఇంకో సంగతి. కృష్ణకు ఇవతల హైదరాబాద్ రాజ్యం, అవతల కర్నూలు, గుంటూరు వైపు బ్రిటిషువాళ్ళ మద్రాసు ప్రెసిడెన్సీ. రేవు అంటే సరిహద్దు. రేవు దగ్గర బలమైన రాతి గదులు కనబడితే అవి బస గదులని తేల్చేయకండి, సుంకం వసూలు చేసిన కరోడ్‌గిరి నాకా కావొచ్చు.

అపోహ: ఫలకం మీద 1318 ఉంది, అంటే 1900

హిజ్రీ అయితే 1900-01. ఫసలీ (నిజాం సర్కారు రెవెన్యూ లెక్కల సంవత్సరం) అయితే 1908-09. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబర్‌లో మొదలయ్యేది. డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. సరిచూసుకోవాలంటే ఒక గుర్తు: 1949 ఆగస్టులో వచ్చిన జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీ. అంకె పక్కన హిజ్రీ అనో ఫసలీ అనో రాసి ఉందేమో ఉర్దూ చదివేవాళ్ళకు చూపించండి.

అపోహ: సత్రమైనా హోటలే, కొనుక్కోవచ్చు

కాదు. సత్రం ధర్మానికి రాసిచ్చిన ఆస్తి. 1987 దేవాదాయ చట్టం ప్రకారం కమిషనర్ అనుమతి లేని అమ్మకం చెల్లదు. ముసాఫిర్‌ఖానా (బాటసారుల బస) అయితే వక్ఫ్ జాబితా చూడాలి. మన దగ్గర చాయ్, టిఫిన్ అమ్మినా హోటలే కాబట్టి, కాగితంలో ఏమని రాశారో చదవండి.

అపోహ: ఇంటి వయసుకు పెంకు మీద ముద్ర, దూలం మీద సాలు (సంవత్సరం) చాలు

దూలంగా వాడిన రైలు పట్టా పక్కన తయారీ సాలు ఉబ్బెత్తుగా ఉంటుంది. పట్టాలు పాతబడ్డాకే ఇళ్ళకు వచ్చేవి. కాబట్టి ఇల్లు ఆ సాలు తర్వాతిదని మాత్రమే చెప్పగలం. బెంగుళూరు పెంకుల ముద్ర కూడా అంతే, ఎందుకంటే పెంకులు ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు మారుతూనే ఉంటాయి. గోడ వయసు చూడాలంటే కప్పు కాదు, పునాది దగ్గరి సున్నం చూడాలి. ఈలోగా అందం కోసం సిమెంట్ పూత మాత్రం వేయించకండి. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గోడ పీల్చిన చెమ్మ బయటికి పోక లోపలే నిలిచి, ఉప్పు పొంగి, కొన్ని వానాకాలాల్లో రాయి ముఖమే రాలుతుంది. చూడాల్సిన సున్నం కూడా ఆ పూత కిందే పోతుంది.