నక్షత్రాంతర వాయువు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పాలపుంతలో నక్షత్రాల మధ్యనున్న వాయువు అయిపోవచ్చింది; అది అయిపోతే సూర్యుడూ ఆరిపోతాడు.

వాస్తవం: సూర్యుడు తన గర్భంలోని హైడ్రోజన్‌తోనే మరో 500 కోట్ల సంవత్సరాలు వెలుగుతాడు, బయటి వాయువుతో అతడికి పని లేదు. యూట్యూబ్ శీర్షికలు నిజమని నమ్మిన ఒక పెద్దావిడ, నా ప్రసంగం ముగిశాక మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి, "వీడి కాలానికి ఏం కాదు కదా నాయనా?" అని అడిగారు. ఆమె భయాన్ని అర్థం చేసుకోగలను గానీ, ఆ శీర్షికలు పెట్టేవారిని మాత్రం క్షమించలేను.

అపోహ: పుట్టుకతో తెచ్చుకున్న వాయువే గెలాక్సీకి ఉన్న ఆస్తి అంతా.

వాస్తవం: మా రంగంలోకి వచ్చే విద్యార్థులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. వాయువు ద్రవ్యరాశిని నక్షత్రజనన రేటుతో భాగించి, వచ్చిన అంకెను గెలాక్సీకి మిగిలిన ఆయుష్షుగా సిద్ధాంతవ్యాసంలో రాసేస్తారు. పరీక్షకుల మొదటి ప్రశ్నకే ఆ అధ్యాయం కూలిపోతుంది. పాలపుంతలో అణురూప హైడ్రోజన్ (రెండేసి పరమాణువులు జతకట్టినది) సుమారు 100 కోట్ల సూర్యులంత ఉంది. ఏటా దాదాపు ఇద్దరు సూర్యులంత వాయువు నక్షత్రాలుగా మారుతోంది. ఈ లెక్కన ఆ నిల్వ 50 కోట్ల సంవత్సరాలకే చెల్లిపోవాలి. కానీ ఇక్కడ 1,000 కోట్ల సంవత్సరాలకు పైగా నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి. కాలువనూ అలుగునూ చూడకుండా చెరువులోని నీటినే కొలిస్తే ఎలా? వెలుపలి నుంచి వాయువు వచ్చి చేరుతుంది, సూపర్నోవాల (నక్షత్రాల పేలుళ్ల) ధాటికి కొంత బయటికి పోతుంది.

పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోప్‌తో పరిశోధకులు చేసి 2020లో వెలువరించిన పరిశీలన దీన్ని స్పష్టం చేసింది. హైడ్రోజన్ గీత, అంటే విడి హైడ్రోజన్ పరమాణువులు వెలువరించే రేడియో సంకేతం, 1420 మెగాహెర్ట్జ్ వద్ద బయలుదేరినా, వారు చూసిన సుదూర గెలాక్సీల నుంచి వచ్చేసరికి విశ్వవ్యాకోచం వల్ల దాదాపు సగం పౌనఃపున్యానికి జారుతుంది. విడివిడిగా చూస్తే అది రొదలో కనిపించదు. అందుకే 7,653 గెలాక్సీల సంకేతాలను కలిపి సగటు తీశారు. సుమారు 800 కోట్ల సంవత్సరాల కిందటి ఆ గెలాక్సీలలోని పరమాణు హైడ్రోజన్ 100–200 కోట్ల సంవత్సరాల నక్షత్రజననానికే సరిపోతుందని తేలింది. కొత్త వాయువు చాలినంత రాకపోవడమే ఆ తరువాత విశ్వమంతటా నక్షత్రజననం తగ్గడానికి కారణం కావచ్చునని ఆ పరిశోధకుల వాదన. నాకూ అది సబబుగానే తోస్తుంది.

అపోహ: వాయువు ఉంటే చాలు, నక్షత్రాలు పుడతాయి.

వాస్తవం: అది చల్లబడాలి, సాంద్రం కావాలి. ఎం87 గెలాక్సీ చుట్టూ వాయువుకు కొదవ లేదు. కోటి డిగ్రీలకు పైగా వేడిలో అది కుదించుకోలేదు.

అపోహ: గెలాక్సీలు ఢీకొంటే నక్షత్రాలు పగిలిపోతాయి.

వాస్తవం: నక్షత్రాల మధ్య ఉన్న దూరాల వల్ల అవి ఒకదాన్నొకటి తాకడం దాదాపు జరగదు. ఢీకొనేవి వాయుమేఘాలే, ఢీకొంటున్న జంట అయిన యాంటెన్నా గెలాక్సీలలో అవి ఒత్తుకున్న చోట్లనే కొత్త నక్షత్రగుచ్ఛాలు గుంపులుగా పుడుతున్నాయి.