రూట్ చేస్తే పాత ఫోన్‌లో జాగ పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఫోన్ల జాగ లేదంటుంది. రూట్ కొట్టియ్యవా?"

జగిత్యాలలో నా సర్వీస్ కౌంటర్ దగ్గర ఈ మాట తరచూ వింటుంటాను. రూట్ అంటే కంపెనీ మనకు ఇవ్వని పూర్తి అధికారాన్ని ఫోన్ మీద తెచ్చుకోవడం. అడిగేది ఎక్కువగా కాలేజీ పిల్లలు. చేతిలో అమ్మదో నాన్నదో పాత ఫోన్ ఉంటుంది, 8 జీబీదో 16 జీబీదో. వాట్సాప్ అప్‌డేట్ చేద్దామన్నా స్టోరేజ్ ఫుల్ అని వస్తుంది. రూట్ చేసి కంపెనీ యాప్‌లు తీసేస్తే ఫోన్ సగం ఖాళీ అవుతుందని ఏదో వీడియోలో చూసి వస్తారు. గెలాక్సీ వై కాలం నుంచి ఫోన్లు రూట్ చేసినవాణ్ని నేను. ఆ ఫోన్‌లో లోపలి స్టోరేజ్ మొత్తం 180 ఎంబీ. అప్పుడు రూట్ వల్ల జరిగిన మేలూ చూశాను, తర్వాత జరిగిన నష్టమూ చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: రూట్ చేసి కంపెనీ యాప్‌లు డిలీట్ చేస్తే ఆ మేరకు మనకు ఖాళీ వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఇదే. ఎక్కువ ఫోన్లు పాడయ్యేదీ దీనివల్లే. కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

ఫోన్ స్టోరేజ్ అంతా ఒకటే పెద్ద హాలు కాదు. ఫ్యాక్టరీలోనే దాన్ని గదులుగా విడగొడతారు. వాటిని పార్టిషన్లు అంటాం. సిస్టమ్ అనే గదిలో ఆండ్రాయిడ్, దాంతోపాటు కంపెనీ పెట్టిన యాప్‌లు ఉంటాయి. డేటా అనే గదిలో మీరు వేసుకున్న యాప్‌లు, ఫోటోలు, వీడియోలు, వాట్సాప్ ఉంటాయి. బూట్, రికవరీ లాంటి చిన్న గదులు వేరే ఉంటాయి. సెట్టింగ్స్‌లో మీకు కనపడే ఖాళీ అంకె డేటా గదిది మాత్రమే.

అద్దె ఇంట్లో ఓనరు తన సామాను పెట్టి తాళం వేసుకున్న గది ఒకటి ఉందనుకోండి. మీరు ఎలాగో తాళంచెవి సంపాదించి, ఆ సామానంతా బయటపడేశారు. గది ఖాళీ అయింది. కానీ ఆ గదికీ మీ గదికీ మధ్య గోడ అలాగే ఉంది, తలుపు లేదు. మీ మంచం అక్కడ వేసుకోలేరు. రూట్ అంటే ఆ తాళంచెవి. అది గోడను జరపదు.

2014 సెప్టెంబరులో మన దేశంలో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు గుర్తున్నాయా? మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలవి. పెట్టె మీద 4 జీబీ అని ఉండేది. వాడేవాళ్ల చేతికి వచ్చింది 2 జీబీ పైచిలుకే. మిగతాది గదుల కిందే పోయింది. ఆ సిస్టమ్ గదిలో నుంచి మీరు 300 ఎంబీ తీసేసినా ఆ 2 జీబీ ఒక్క ఎంబీ కూడా పెరగదు.

"లేదన్నా, నా ఫోన్ల రూట్ చేసి తీసేస్తే నిజంగనే పెరిగింది" అనేవాళ్లూ వస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కంపెనీ యాప్ అసలు కాపీ సిస్టమ్ గదిలో ఉంటుంది. ప్లే స్టోర్ నుంచి దానికి వచ్చిన అప్‌డేట్ మాత్రం డేటా గదిలో కూర్చుంటుంది. ఆ యాప్ దాచుకున్న డేటా కూడా అక్కడే ఉంటుంది. యాప్ తీసేసినప్పుడు ఆ రెండూ పోయాయి, అందుకే అంకె పెరిగింది. అదే పనిని రూట్ లేకుండా చేయవచ్చు. సెట్టింగ్స్‌లో యాప్‌లు తెరిచి, అక్కర్లేనిదాన్ని డిసేబుల్ నొక్కండి. ఫ్యాక్టరీ వెర్షన్ పెట్టమంటారా అని అడుగుతుంది, సరే అనండి. అప్‌డేట్ పోతుంది, డేటా పోతుంది, డిసేబుల్ అయి ఉంది కాబట్టి మళ్లీ అప్‌డేట్ కాదు. రూట్ చేసి సంపాదించిన జాగ అంతా ఈ మూడు నొక్కుళ్లతో వచ్చేస్తుంది.

కొన్ని యాప్‌లకు డిసేబుల్ బటన్ ఉండదు. వాటికి కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి, ఏడీబీ అనే టూల్‌తో ఫోన్‌కు కమాండ్ ఇచ్చి, మీ యూజర్ వరకు తీసేసే పద్ధతి ఉంది. దానికీ రూట్ అక్కర్లేదు. అయితే తెలియని పేరున్న ప్యాకేజీ జోలికి పోకండి. ఒక కుర్రాడు ఇలాగే కీబోర్డు యాప్ తీసేసుకుని, పాస్‌వర్డ్ కొట్టే దారి లేక ఫోన్ పట్టుకుని వచ్చాడు.

అపోహ: ఇప్పుడు మ్యాజిస్క్ ఉంది కాబట్టి సులువుగా తీసేయొచ్చు.

మ్యాజిస్క్ అంటే ఫోన్‌ను రూట్ చేసే సాఫ్ట్‌వేర్. 2016లో వచ్చింది, జాన్ వూ అనే ఆయన రాసినది. దాని గొప్పతనమే సిస్టమ్ గదిని ముట్టుకోకపోవడం. బూట్ గదిలో ఉండే ఫైలును, అంటే బూట్ ఇమేజ్‌ను మార్చి, ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు మార్పులను పైన పరదాలా కప్పుతుంది. కాబట్టి మ్యాజిస్క్ మాడ్యూల్‌తో ఒక యాప్‌ను తీసేశారంటే అది కనపడకుండా పోయిందంతే. కిందున్న ఫైలు అలాగే ఉంది. కొత్తగా వచ్చిన జాగ సున్నా.

ఆండ్రాయిడ్ 7 నుంచి ఇంకో సంగతి ఉంది. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్ గదిలో ఏదైనా మారిందా అని సరిచూసుకునే ఏర్పాటు గట్టిపడింది. తెలియక అందులో చేయిపెడితే ఫోన్ లోగో దగ్గరే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్లు చాలావాటిలో అయితే రూట్ ఉన్నా సిస్టమ్ గదిలో రాయడం, చెరపడం కుదరదు, దాన్ని చదవడానికి మాత్రమే పనికొచ్చేలా తయారుచేస్తున్నారు.

అపోహ: రూట్ చేసినా నా ఫోటోలకు ఏమీ కాదు.

ఇది రాసేటప్పుడు ఇప్పటికీ నా చేయి ఆగుతుంది.

ఆండ్రాయిడ్ 4 నడిచిన కాలంలో ఒక యాప్ వేసి ఒక బటన్ నొక్కితే రూట్ అయ్యేది. 2014లో వచ్చిన టవల్‌రూట్ అలాంటిదే. అది ఆండ్రాయిడ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుని లోపలికి దూరేది. ఆ లోపాలు తర్వాత పూడ్చేశారు. ఇప్పుడు రూట్ చేయాలంటే ముందు బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే ఆండ్రాయిడ్‌ను లేపే ప్రోగ్రామ్‌ను, అన్‌లాక్ చేయాలి. అన్‌లాక్ చేసిన క్షణంలో చాలా ఫోన్లు డేటా గది మొత్తం తుడిచేస్తాయి. కావాలనే అలా పెట్టారు. ఎవరైనా మీ ఫోన్ దొంగిలించి, అన్‌లాక్ చేసి, లోపలి సంగతులు చూడకూడదని.

కొన్నేళ్ల కింద ఆటో నడిపే ఒకాయన వచ్చాడు. ఫోన్ ఫుల్ అయింది, రూట్ చేయించుకోమని ఎవరో చెప్పారట. దుకాణంలో రద్దీగా ఉంది. మెమరీ కార్డు ఉందా, ఫోటోలు ఎక్కడైనా దాచుకున్నావా అని నేను అడగలేదు. అన్‌లాక్ కమాండ్ ఇచ్చాను. స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో హెచ్చరిక వచ్చింది. వందసార్లు చూసిన హెచ్చరికే. వాల్యూమ్ బటన్‌తో అవును మీదికి జరిపి, పవర్ బటన్ నొక్కాను. ఆ ఫోన్‌లో ఆయన కూతురి పెళ్లి ఫోటోలు ఉన్నాయి. అవి ఇంకెక్కడా లేవు.

రికవరీ సాఫ్ట్‌వేర్లు వేసి రెండు రోజులు కూర్చున్నాను. ఆ ఫోన్‌లో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో ఉండేది. తుడిచినప్పుడు దాని తాళంచెవి కూడా పోతుంది, మిగిలింది చదవలేని చెత్త. ఆయనకు ఉన్న సంగతి చెప్పాను. అరవలేదు. "ఇగ రావా తమ్మీ?" అని మాత్రం అడిగాడు. ఆ రోజు నుంచి నా కౌంటర్ పుస్తకంలో ఫోన్ మోడల్ పక్కన "ఫోటోలు కాపీ అయినయా" అని ఒక గడి గీసి ఉంటుంది. అది నిండకుండా నేను కేబుల్ పెట్టను.

ఒక్క బటన్‌తో రూట్ అని ఇప్పటికీ నెట్‌లో దొరికే యాప్‌లున్నాయి. అవి కొత్త ఫోన్లలో పనిచేయవు. పాత ఫోన్లలో పనిచేసినా, ఇల్లంతటికీ తాళంచెవి ఎవరి చేతికి ఇస్తున్నారో తెలియదు. వాటిని వేయకండి.

అపోహ: రూట్ వల్ల స్టోరేజ్‌కు ఎప్పుడూ ఉపయోగం లేదు.

ఇదీ నిజం కాదు. ఆండ్రాయిడ్ 2.2 నుంచి యాప్‌లను కార్డుకు జరిపే సౌకర్యం వచ్చింది కానీ, యాప్‌లో కొంత భాగమే జరిగేది. మిగతాది ఫోన్‌లోనే ఉండిపోయేది. 180 ఎంబీ ఫోన్‌కు అది ఏ మూలకూ చాలేది కాదు. అప్పుడు మేం మెమరీ కార్డును రెండు భాగాలు చేసి, రెండో భాగాన్ని లైనక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేసి, లింక్‌2ఎస్‌డీ అనే యాప్ వేసేవాళ్లం. దానికి రూట్ కావాలి. యాప్ ఫైళ్లు కార్డులో ఉంటాయి, ఫోన్‌లో ఉన్నట్టే కనపడతాయి. ఓనరు గది తెరవడం కాదు, పెరట్లో కొత్త గది కట్టుకోవడం అన్నమాట. ఆ రోజుల్లో అది గొప్ప ఊరట.

2015లో ఆండ్రాయిడ్ 6తో మెమరీ కార్డును ఫోన్ స్టోరేజ్‌లో కలుపుకునే సౌకర్యం వచ్చింది. రూట్ లేకుండానే. కానీ చాలా కంపెనీలు దాన్ని తమ ఫోన్లలో కనపడకుండా చేశాయి. మీ ఫోన్‌లో ఉంటే మాత్రం కార్డును ఫార్మాట్ చేసేటప్పుడు ఇంటర్నల్ స్టోరేజ్‌గా అని అడుగుతుంది. వాడే ముందు మూడు సంగతులు తెలుసుకోండి. ఆ కార్డు ఆ ఫోన్‌కే కట్టుబడిపోతుంది, తీసి ఇంకో ఫోన్‌లో పెడితే ఏమీ కనపడదు. కార్డు నాసిరకందైతే ఫోన్ మొత్తం నత్తనడక నడుస్తుంది. కార్డు పోతే దాంతోపాటు యాప్‌లూ ఫోటోలూ పోతాయి.

అపోహ: సెట్టింగ్స్‌లో "ఇతరాలు" అని చూపించేదంతా సిస్టమ్ చెత్త, రూట్ లేనిదే పోదు.

మొన్న ఒక పెద్దమ్మ మనవడు 16 జీబీ ఫోన్ తెచ్చాడు. కొడుకు దుబాయ్‌లో ఉంటాడు, రోజూ వీడియోలు పంపిస్తాడు. ఫోన్‌లో మిగిలింది 120 ఎంబీ. వీడియోలు ఒక్కటి కూడా పోవద్దని పెద్దమ్మ గట్టిగా చెప్పి పంపింది. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫైల్ మేనేజర్ తెరిచాను.

ముందు వాట్సాప్ ఫోల్డర్. పాత ఆండ్రాయిడ్‌లో అది పైనే కనపడుతుంది, 11 నుంచి ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపల మీడియా అనే దాంట్లో ఉంటుంది. వీడియోల ఫోల్డర్ లోపల సెంట్ అని ఇంకొకటి ఉంది. మనం గ్యాలరీ నుంచి ఎవరికైనా వీడియో పంపితే వాట్సాప్ ఒక కాపీ చేసుకుని అందులో పెట్టుకుంటుంది. గ్యాలరీలో కనపడదు కాబట్టి ఉందని ఎవరికీ తెలియదు. పెద్దమ్మ ఫోన్‌లో 900 ఎంబీ. తర్వాత డేటాబేసెస్ ఫోల్డర్. వాట్సాప్ రోజూ తెల్లవారుజామున చాట్‌ల బ్యాకప్ తీసి, ఏడు రోజులవి దాస్తుంది. ఒక్కోటి 140 ఎంబీ చొప్పున దాదాపు 1 జీబీ. తేదీ లేని కొత్త ఫైలును ఉంచి, తేదీలున్న పాతవి తీసేశాం. కెమెరా ఫోటోలుండే డీసీఐఎం ఫోల్డర్ లోపల, దాచిన ఫైళ్లు చూపించమంటే థంబ్‌నెయిల్స్ ఫోల్డర్ బయటపడింది. గ్యాలరీ గీసుకున్న చిన్న బొమ్మలు, 600 ఎంబీ. ఎప్పుడో డిలీట్ చేసిన ఫోటోల బొమ్మలు కూడా అందులో ఉండిపోతాయి. చివరగా ఆమె ఎప్పుడూ తెరవని నాలుగు యాప్‌లు డిసేబుల్ చేస్తే ఇంకో 700.

మొత్తం దాదాపు 3 జీబీ వచ్చింది. కొడుకు పంపిన వీడియోలు అన్నీ ఉన్నాయి. వాటిని కార్డుకు ఒక కాపీ, ఇంట్లో పాత పెన్‌డ్రైవ్‌కు ఒక కాపీ చేసి ఇచ్చాను. ఇరవై నిమిషాల పని. ఇతరాలు అన్న గీత సగానికి తగ్గింది.

టెలిగ్రామ్ వాడేవాళ్లు దాని సెట్టింగ్స్‌లో స్టోరేజ్ యూసేజ్ కూడా చూడండి. సినిమాల గ్రూపుల్లో ఉంటే అక్కడే మూడు నాలుగు జీబీలు దొరుకుతాయి.

చిన్న చిన్నవి కొన్ని

క్లీనర్ యాప్‌లు రోజూ నొక్కితే మంచిదని అనుకుంటారు. అవి తుడిచేది క్యాష్, అంటే యాప్‌లు త్వరగా తెరుచుకోవడానికి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు. యాప్ తెరవగానే అది మళ్లీ తయారవుతుంది, మీ డేటా ప్యాకేజీ మళ్లీ ఖర్చవుతుంది. పైగా ఆ క్లీనరే కొంత జాగ ఆక్రమిస్తుంది.

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే, డిలీట్ చేసిన కంపెనీ యాప్‌లు తిరిగి వస్తాయని అంటారు. రావు. రీసెట్ తుడిచేది డేటా గదిని, సిస్టమ్ గదిలో చెడగొట్టింది చెడిపోయినట్టే ఉంటుంది. ఆ ఫోన్‌కు అసలు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాల్సిందే.

రూట్ తీసేస్తే ఫోన్ ఎప్పటిలా అవుతుందన్నది అన్ని ఫోన్లకూ నిజం కాదు. శాంసంగ్‌లో నాక్స్ అని ఒక గుర్తు ఉంది. రూట్ చేస్తే అది 0 నుంచి 1 అవుతుంది, తిరిగి 0 కాదు, హార్డ్‌వేర్‌లోనే ఫ్యూజ్ పోయినట్టు. ఫైళ్లు తాళం వేసి దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు. ఏ కంపెనీ ఫోనైనా, రూట్ చేసి ఉంటే బ్యాంకు యాప్‌లు చాలావరకు తెరుచుకోవు. పింఛను డబ్బులు పడ్డాయో లేదో ఫోన్‌లోనే చూసుకునే మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు.

మరి రూట్ ఎప్పుడు చేయాలి?

సిమ్ తీసేసి పక్కన పడేసిన ఫోన్ అయితే, దాంట్లో పోయేదేమీ లేకపోతే, నేర్చుకోవాలన్న ఆశ ఉంటే చేయండి. అలా అడిగే పిల్లలను నేనెప్పుడూ వద్దనను. నేనూ అలాగే నేర్చుకున్నాను. ముందు మీ మోడల్ నంబరు సెట్టింగ్స్‌లో చూసి కాగితం మీద రాసుకోండి. పేరు ఒకటే ఉన్నా నంబరులో ఒక అక్షరం మారితే సాఫ్ట్‌వేర్ వేరు. సరిగ్గా ఆ నంబరుకు సరిపోయే అసలు సాఫ్ట్‌వేర్ ఫైలు దొరికేదాకా మొదలుపెట్టవద్దు. అందులోని బూట్ ఇమేజ్‌ను కంప్యూటర్‌లో విడిగా దాచండి, ఏదైనా తేడా వచ్చి లోగో దగ్గర ఆగిపోతే మళ్లీ అదే ఎక్కించాలి. షావోమీ ఫోన్లలో అన్‌లాక్‌కు అనుమతి అడిగాక చాలాసార్లు కొన్ని రోజులు ఆగమంటుంది, తొందరపడి డబ్బులిచ్చి దొంగదారులు కొనకండి. బ్యాటరీ సగానికి పైగా ఉండాలి, కేబుల్ కదలకూడదు.

మధ్యలో ఆగిపోతే భయపడి పదిరకాల ఫైళ్లు ఎక్కించకుండా, ఉన్నది ఉన్నట్టు పట్టుకుని రండి. ఆ స్థితిలో వచ్చిన ఫోన్లు చాలావరకు తిరిగి లేస్తాయి.